‘పడదు’ అని చెబితే చాలదు

రెండేళ్ళ క్రితం రమజాన్ మాసంలో ఒక సాయంత్రం, హైదరాబాద్ శివారులోని ఒక వృద్ధాశ్రమానికి మేము ఇఫ్తార్ భోజనం తీసుకువెళ్ళాము. 60 మందికి సరిపడా ఖర్జూరాలు, కోసిన పండ్లు, హలీమ్, బగారా అన్నం, మిర్చీ కా సాలన్. వంట మా బస్తీలోని ఇళ్ళలోనే జరిగింది. అక్కడ ఉపవాసం ఉండగలిగినవారు కొద్దిమందే. మిగిలినవారికి అది ఆ రాత్రి భోజనం. మేమే వడ్డిస్తామని పట్టుబట్టాము. వరుసగా పళ్ళాలు పెట్టుకుంటూ పోయి, కిటికీ పక్క మంచం మీద కూర్చున్న ఒక వృద్ధురాలి ముందూ పెట్టాము. ఆమె సంతోషంగా చేయి చాచింది. అంతలో గది అవతలి మూల నుంచి ఒక ఆయా దాదాపు పరుగున వచ్చి ఆ పళ్ళెం ఎత్తేసింది. “అమ్మమ్మకు పల్లీలు పడవండీ. సాలన్‌లో పల్లీలుంటాయి కదా!” అన్నది.

ఉంటాయి. వేరుశనగలు, నువ్వులు, కొబ్బరి వేయించి నూరడంతోనే ఆ వంట మొదలవుతుంది. ఆ సంగతి మాకు తెలియనిది కాదు. కాని వడ్డించే ముందు అడగవలసిన సంగతి అని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆ వృద్ధురాలు తానుగా చెప్పుకోలేదు. మతిమరుపు వ్యాధి ముదిరి, కన్నకూతురి పేరే ఆమెకు గుర్తు లేదు. “ఈ విషయం ఎక్కడైనా రాసి ఉందా అమ్మా?” అని ఆయాను అడిగాము. రాసి లేదట. ఆరేళ్ళుగా అక్కడ పనిచేస్తున్నది కనుక ఆమెకు తెలుసు. రాత్రి 8 గంటలకు ఆమె డ్యూటీ ముగుస్తుంది.

ఆ రోజు ఆమె సెలవులో ఉండి ఉంటే ఏమయ్యేది? ఆ ప్రశ్న మమ్మల్ని చాలాకాలం వెంటాడింది. ఆ తరువాత వైద్యులను, వంటవారిని, ఇటువంటి గృహాలు నడిపేవారిని అడిగి తెలుసుకున్నదీ, మేము చదివినదీ ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మన ప్రాంతంలో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి. పాశ్చాత్య దేశాలలో ఆ పేరు, మంచం దిగలేని వృద్ధులను ఏళ్ళ తరబడి చూసుకునే గృహాలకు చెల్లుతుంది. మన నగరాలలో ఇప్పుడు అటువంటివి వృద్ధాశ్రమాలుగా, సంరక్షణ గృహాలుగా వెలుస్తున్నాయి. కొడుకు జిద్దాలో, కూతురు డాలస్‌లో ఉంటే, పక్షవాతం వచ్చిన తల్లిని చూసేవారు ఇంట్లో లేక అక్కడ చేర్చుతున్నారు. ఇది తప్పా ఒప్పా అన్న చర్చ ఎన్నో ఇళ్ళలో జరుగుతూనే ఉంది. మేము ఇక్కడ దానిలోకి దిగబోవడం లేదు. చేర్చిన తరువాత ఆమె పళ్ళెంలోకి ఏమి వస్తున్నదన్నదే మా విషయం.

చేర్చుకునే రోజున నింపే దరఖాస్తులో సాధారణంగా ఒక గడి ఉంటుంది: ‘పడని పదార్థాలు’. ఆ గడిని నింపేది తరచుగా కొడుకు, అదీ ఫోనులో. తల్లికి ఏది తింటే పెదవులు వాచాయో కొడుక్కు తెలియకపోవచ్చు. ఇరవై ఏళ్ళు ఆమెతో ఒకే వంటింట్లో తిరిగిన కోడలికి తెలుస్తుంది. కోడలిని అడిగేవారుండరు. ఒకవేళ అడిగినా, ఆమె నోట వచ్చే మాట మళ్ళీ అదే: పడదు.

మన భాషలో ఈ మాట మోసే బరువు చాలా ఎక్కువ. వంకాయ తింటే దురద వస్తుంది కనుక పడదు. పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది కనుక పడదు. పెరుగు రాత్రిపూట కఫం చేస్తుందని పడదు. చేప వాసనే ఇష్టం లేదు కనుక పడదు. వేరుశనగ తింటే గొంతు మూసుకుపోయి ఒకసారి ఆసుపత్రికి ఎత్తుకుపోవలసి వచ్చింది, అందుకూ పడదు. ఈ అయిదూ ఒకే గడిలో, ఒకే మాటగా, ఒకే సిరాతో చేరిపోతాయి. చదివిన వంటవాడు అయిదింటినీ ఒకేలా చూస్తాడు. అంటే, అయిదింటినీ కొంచెం తేలికగానే చూస్తాడు.

పాలలోని చక్కెరను అరిగించే రసం వయసుతో తగ్గినందువల్ల కడుపు ఉబ్బడం అలర్జీ కాదు. అది బాధ పెడుతుంది, ప్రాణం తీయదు. అలాంటివారిలో చాలామంది కొద్దిగా పెరుగు తినగలరు కూడా. అలర్జీ అన్నది శరీర రక్షణ వ్యవస్థ చేసే పొరపాటు. ఆహారంలోని మాంసకృత్తును శత్రువుగా భావించి, ఐజీఈ అనే ప్రతిరక్షకాల ద్వారా అది ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. కొందరిలో దానికి చెంచాడు అక్కరలేదు, గరిటెకు అంటుకున్న జిడ్డు చాలు. అందుచేత ఆ గడిలో రాయవలసినవి నాలుగు: ఏ పదార్థం, తిన్న ఎంతసేపటికి ఏమి జరిగింది, చివరిసారి ఎప్పుడు జరిగింది, ఏ వైద్యుడు చూశాడు. ‘వేరుశనగ, పది నిమిషాలలో పెదవులు, నాలుక వాపు, ఆయాసం, ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చారు’ అన్న ఒక్క వాక్యం, ‘పల్లీలు పడవు’ అన్న పది కాగితాల కంటే విలువైనది.

పేరు పెద్దదిగా రాస్తే మేలు కదా అని, ఇష్టం లేనివాటిని కూడా అలర్జీల కింద చేర్చే కుటుంబాలు ఉన్నాయి. దానివల్ల రెండు నష్టాలు. పాలు, గుడ్డు, పప్పు, గోధుమ అన్నీ నిషేధించిన వృద్ధురాలు నెల తిరిగేసరికి చిక్కిపోతుంది. ఆ వయసులో పోయిన కండ తిరిగి రావడం కష్టం. రెండవది, జాబితాలో సగం నిజం కాదని గ్రహించిన వంటవాడు మిగతా సగాన్నీ నమ్మడం మానేస్తాడు. ఈ మధ్య ఆరోగ్య ప్యాకేజీల పేరుతో ఐజీజీ రక్తపరీక్ష చేసి, నూరు పదార్థాలకు ఎర్రగుర్తులు పెట్టిన కాగితం చేతికిస్తున్నారు. అలర్జీ వైద్య సంఘాలు ఆ పరీక్షను నిర్ధారణకు పనికిరానిదిగా ఎప్పుడో తేల్చాయి. అనుమానం ఉంటే అలర్జీ తెలిసిన వైద్యుడికి చూపించి, గతంలో జరిగినదంతా చెప్పి, ఆయన అడిగిన పరీక్ష మాత్రమే చేయించడం మంచిది. చిన్నప్పటి నుంచి లేదు కదా, ఇప్పుడెలా వస్తుందని వాదించడం కూడా సరికాదు. రొయ్యలు, పీతల అలర్జీ పెద్దవయసులో మొదలయ్యేవారు ఎందరో.

ఇక వంటింటి సంగతి. మన వంటల గొప్పతనం నూరిన మసాలాలో ఉన్నది. ప్రమాదమూ అక్కడే దాగి ఉన్నది. గుడ్డును చూసి గుర్తుపట్టవచ్చు, నూరిన జీడిపప్పును ఎవరు గుర్తుపడతారు? హలీమ్‌లో గోధుమ ఉంటుంది. మాంసంతో కలిసి మెత్తగా కరిగిపోయి కంటికి కనిపించదు గాని, ఆ వంటకు ప్రాణం అదే. పైన వేయించిన జీడిపప్పు, నెయ్యి. బగారా బైంగన్‌లో వేరుశనగ, నువ్వులు, కొబ్బరి మూడూ. ఖుర్మా చిక్కబడడానికి జీడిపప్పు ముద్ద. షీర్ ఖుర్మాలో గోధుమ సేమియా, పాలు, బాదం, పిస్తా. ఒక్క గిన్నెలో మూడు రకాల అలర్జీలకు కారణాలు. డబుల్ కా మీఠాలో రొట్టె, పాలు, జీడిపప్పు. ఖుబానీ కా మీఠాకు వాడే ఎండు పండ్లలో, రంగు చెడకుండా సల్ఫైట్ కలిపిన రకాలున్నాయి. అవి ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి ఆడకుండా చేయగలవు. బజారులో దొరికే ఇంగువ డబ్బాను తిప్పి చూడండి. చాలావాటిలో మైదా కలిపి ఉంటుంది. గోధుమ పడని మనిషికి ఉత్త పప్పుచారే కదా అని పెడతాము. పోపులో గోధుమ పోతుంది.

నూనె గురించి ఒక మాట. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో మాంసకృత్తు దాదాపు మిగలదు. అలర్జీ ఉన్న చాలామందికి అది హాని చేయదు. గానుగ నూనె అటువంటిది కాదు. ఆరోగ్యానికి మంచిదని ఇప్పుడు ఇంటింటా గానుగ నూనెకు మారుతున్నాము. అది వేరుశనగదైతే, వేరుశనగ అలర్జీ ఉన్నవారి పళ్ళెంలోకి గింజలు వేసినట్టే. వేయించితే విషం విరిగిపోతుందన్న నమ్మకం కూడా మాకు చాలా చోట్ల ఎదురైంది. వేరుశనగ విషయంలో అది పూర్తిగా తప్పు. వేయించినంత మాత్రాన దాని గుణం పోదు, సరికదా మరింత తీవ్రం కావచ్చు.

డబ్బాల మీది రాత కొంతవరకు సాయపడుతుంది. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. 2020లో తెచ్చిన లేబుల్ నియమాల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల వంటివి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ మరియు బాదం జీడిపప్పు వంటి గింజలు, సోయా, నిర్ణీత పరిమాణం మించిన సల్ఫైట్ ఉంటే ప్యాకెట్ మీద ప్రకటించాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు, ఆవాలు లేవు. బ్రిటన్‌లో 14 పదార్థాల జాబితా ఉన్నది. అందులో నువ్వులు, ఆవాలు రెండూ ఉన్నాయి. 2016లో నటాషా ఎడ్నాన్ లాపెరూజ్ అనే పదిహేనేళ్ళ బాలిక విమానాశ్రయంలో కొన్న రొట్టెలో నువ్వులు ఉన్న సంగతి పైన రాసి లేనందున మరణించింది. ఆమె పేరు మీదనే అక్కడ 2021 అక్టోబరు నుంచి, అంగడిలోనే తయారుచేసి అక్కడే కట్టి అమ్మే ఆహారం మీద కూడా పదార్థాలన్నీ రాయాలన్న నియమం అమలులోకి వచ్చింది. నువ్వుల పొడి లేని పూట లేని మన ఇళ్ళలో ఇది ఆలోచించవలసిన విషయం.

మన నియమాలలో భోజనశాలల మెనూ మీద అలర్జీ సమాచారం చూపాలన్నది కేంద్ర లైసెన్సు ఉన్నవాటికి, పది లేదా అంతకు మించి శాఖలున్నవాటికి మాత్రమే వర్తిస్తుంది. నలభై మంది ముసలివారికి వండిపెట్టే ఒక చిన్న గృహం ఆ లెక్కలోకి రాదు. అమెరికాలో ప్రభుత్వ వైద్య పథకాల సొమ్ము పొందే నర్సింగ్ హోములు ప్రతి నివాసి అలర్జీలకు, సరిపడని పదార్థాలకు, ఇష్టాయిష్టాలకు తగిన ఆహారం ఇవ్వాలని కేంద్ర నిబంధనలోనే రాసి ఉన్నది. తనిఖీకి వచ్చేవారు దానిని చూస్తారు. ఇక్కడ ఆ తనిఖీ అధికారి పాత్ర కుటుంబానిదే.

వంటగదిలోకి వెళ్ళినప్పుడు ఏమి చూడాలి? గోడమీది మెనూ కంటే ముందు గరిటెలు చూడాలి. ఒకే గరిటె సాలన్ నుంచి పప్పులోకి తిరుగుతుంటే, పప్పులో వేరుశనగ లేదన్న మాటకు అర్థం లేదు. చేప వేయించిన నూనెలోనే అప్పడాలు వేయిస్తున్నారా? అలర్జీ ఉన్నవారి వంట ముందు వండి, మూతపెట్టి, పేరు రాసి పక్కన పెడుతున్నారా, లేక అందరి వంట అయ్యాక అదే బల్ల మీద చేస్తున్నారా? చేతులు సబ్బుతో కడుగుతున్నారా? కరోనా నాటి నుంచి ప్రతి ద్వారం దగ్గరా శానిటైజర్ సీసా పెట్టే అలవాటు వచ్చింది. అది క్రిములను చంపుతుంది గాని, చేతికంటిన వేరుశనగ జిడ్డును తీయదు. దానికి సబ్బు, నీళ్ళే కావాలి.

వృద్ధుల వంటలో అన్నింటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది మిక్సీ. పక్షవాతం వచ్చినవారికి, మింగలేనివారికి అన్నం, కూర, పప్పు అన్నీ మెత్తగా రుబ్బి పెడతారు. రుబ్బిన తరువాత ప్రతి భోజనమూ ఒకే రంగు, ఒకే రూపం. తినేవారికి తెలియదు, తినిపించేవారికీ తెలియదు. పొద్దున పల్లీ చట్నీ రుబ్బిన జారును తొలిపి, మధ్యాహ్నం అందులోనే అమ్మమ్మ అన్నం రుబ్బుతారు. జారు అడుగున, బ్లేడు చుట్టూ, మూత రబ్బరు కింద ఆ చట్నీ ఉండనే ఉంటుంది. ఒక విడి జారు ధర ఎంత? ఆ ఖర్చును గృహం పెట్టలేకపోతే కుటుంబమే కొని, పేరు రాసి ఇవ్వవచ్చు. బలానికని కలిపే ప్రొటీన్ పొడులలో పాలు, సోయా ఉంటాయన్నది కూడా మరువరాదు. అవి భోజనం కిందికి రావు, మందుల కిందికీ రావు. ఎవరూ చూడని చోట నిలుస్తాయి.

వంటగది నుంచి మంచం దాకా మరో ప్రయాణం. వండినవాడికి తెలుసు, తెచ్చినవాడికి తెలియదు. పగటి ఆయాకు తెలుసు, రాత్రి ఆయాకు తెలియదు. అందుకే పళ్ళెం మీద చీటీ, మంచం తల దగ్గర అట్ట, డ్యూటీ మారేటప్పుడు చదివే రిజిస్టరు, ఈ మూడింటిలోనూ ఒకే మాట ఉండాలి. చదువురాని సహాయకులు ఉన్నచోట పల్లీకాయ బొమ్మ మీద ఎర్రగీత గీసిన అట్ట చాలు. రోగి పరువు పోతుందని కొందరు యజమానులు మంచం దగ్గర ఏమీ అతికించరు. అట్టను అల్మరా తలుపు లోపలి వైపు అతికిస్తే పరువూ నిలుస్తుంది, ప్రాణమూ నిలుస్తుంది.

ఇన్ని జాగ్రత్తలున్నా పొరపాటు జరగవచ్చు. లక్షణాలు సాధారణంగా కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు మొదలవుతాయి: ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు నాలుక వాపు, గొంతు బిగింపు, దగ్గు, ఆయాసం, వాంతి, ఒక్కసారిగా నీరసించి కళ్ళు తిరగడం. అందరికీ దద్దుర్లు రావు. వృద్ధులలో ఇది గుండెపోటని, పక్షవాతమని, అన్నం పొలమారిందని పొరబడడం సులభం. తిన్న వెంటనే ఇలా జరిగితే ముందు అలర్జీని తలచుకోవాలి. ప్రాణం నిలిపే మందు అడ్రినలిన్. తొడ బయటివైపు కండరంలోకి ఇవ్వాలి. దద్దుర్లకు వాడే సెట్రిజిన్ మాత్ర గొంతు వాపును గాని, పడిపోతున్న రక్తపోటును గాని ఆపలేదు. మాత్ర వేసి చూద్దామని గడిపే అరగంటలోనే ప్రాణం పోవచ్చు. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తుగా ఉంచాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి, లేపి నడిపించకూడదు. 108కి ఫోను చేయాలి. తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటల తరువాత మళ్ళీ రావచ్చు కనుక ఆసుపత్రిలో గమనించవలసిందే.

రక్తపోటు, గుండె జబ్బుల కోసం వృద్ధులలో చాలామంది అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటారు. అవి వాడేవారిలో ఈ దాడి తీవ్రంగా ఉండవచ్చు, అడ్రినలిన్ అనుకున్నంతగా పనిచేయకపోవచ్చు. అంతమాత్రాన ఆ మాత్రలు ఎవరూ సొంతంగా ఆపరాదు. కాని అలర్జీ ఉన్నదని వైద్యుడికి, ఈ మాత్ర వాడుతున్నారని అలర్జీ చూసే వైద్యుడికి తెలిసి ఉండాలి. విదేశాలలో రోగి జేబులో పెట్టుకునే పెన్ను వంటి ఇంజెక్షన్ మన దగ్గర సులభంగా దొరకదు. అందుచేత గృహంలో అడ్రినలిన్ ఉన్నదా, గడువు తీరలేదా, రాత్రి 2 గంటలకు దానిని ఇవ్వగల నర్సు ఎవరు అని చేర్చే రోజునే అడగాలి. ఈ ప్రశ్నకు ముఖం చిట్లించిన గృహంలో చేర్చకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

అడగడానికి మనకు మొహమాటం ఎందుకో తెలియదు. మాంసం ఎక్కడిది, జెలటిన్ దేనితో చేసినది, ఈ కేకులో ఏమి కలిపారు అని ఏ దుకాణంలోనైనా, ఏ విందులోనైనా నిస్సంకోచంగా అడిగే కుటుంబాలు మనవి. హలాల్ కోసం డబ్బా తిప్పి చదివే కన్ను మరో వరుస కిందికి దిగితే అలర్జీ సమాచారం కూడా కనిపిస్తుంది. అయినా తల్లి ఉన్న చోట వంటమనిషిని నిలదీస్తే ఏమనుకుంటారో, ఆమెను సరిగా చూడరేమో అన్న భయం నోరు నొక్కుతుంది. ఆ భయం అర్థం కానిది కాదు. నిలదీయకుండా, రాసి ఇచ్చి, ఒక ప్రతి మీద సంతకం తీసుకుంటే సరిపోతుంది.

బయటి నుంచి వచ్చే ఆహారం మరొక ద్వారం. ఇఫ్తార్ పొట్లాలు, బక్రీద్ మాంసం కూరలు, పుట్టినరోజు మిఠాయిలు, దాతల విందులు. గృహం వంటగది ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇవి ఆ జాగ్రత్త పక్కనుంచి నేరుగా మంచం దగ్గరకు పోతాయి. మేము చేసినది అదే.

గత రమజాన్‌లో వారం ముందే ఆ గృహానికి ఫోను చేసి ఎవరికి ఏది కూడదో అడిగాము. ఈసారి వారి దగ్గర రాసిన జాబితా ఉన్నది. వేరుశనగ అలర్జీ ఇద్దరికి, గోధుమ ఒకరికి, రొయ్యలు ఒకరికి. సాలన్ మానేసి, అందరికీ పెరుగు చట్నీ, పెసరపప్పు ఖిచిడీ, ఖీమా చేయించాము. ప్రతి గిన్నె మూత మీద, అందులో వేసినవన్నీ తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన చీటీ అతికించాము. అదే ఆయా తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్క చీటీ చదివింది. ఖీమా గిన్నె దగ్గర ఆగి, “నూనె అని రాశారు, ఏ నూనె?” అని అడిగింది. వండిన ఇంటికి ఫోను చేశాము. గానుగ పల్లీ నూనె అన్నారు. ఆమె రెండు పళ్ళాలు పక్కకు తీసి, వంటగది వైపు చూసి రెండు గుడ్లు ఉడకబెట్టమని కేకేసింది.